చెల్లీ, ముందు చింతగింజలు పంచు!

ఇవాళ నీతో ఒక సంగతి తీరిగ్గా మాట్లాడాలి. కంప్యూటర్ ఆటలు తయారుచెయ్యడం నేర్చుకుంటానని హుషారుగా మొదలుపెట్టి, కొన్నాళ్ళకే ఆ ఫోల్డరు వైపు చూడ్డం మానేసిన అమ్మాయిలు చాలామంది నాతో ఒకే మాట అంటున్నారు: "అక్కా, మొదట్లో ఉన్న ఊపు ఇప్పుడు లేదు. నాకిది రాదేమో." ఇంజనీరింగ్ చదివే పిల్లలూ అదే అంటున్నారు. బీకామ్ చదువుతూ సరదాకొద్దీ మొదలుపెట్టినవాళ్ళూ అదే అంటున్నారు. పిల్లలు బడికెళ్ళాక దొరికే కాస్త సమయంలో నేర్చుకుందామనుకున్న తల్లులూ అదే అంటున్నారు. ఇంతమంది ఒకే చోట ఆగిపోతున్నారంటే లోపం ఇంతమందిలోనూ ఉండదమ్మా. ఎత్తుకున్న పనిలో ఉంటుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. నీ మొదటి ఆట కోసం కొత్త కథ, కొత్త లోకం, కొత్త నియమాలు ఏవీ కల్పించకు. నీ చేతులకు ఎప్పటినుంచో తెలిసిన ఆట ఒకటి తీసుకో. వామనగుంటలు తీసుకో. దాన్ని మొదటినుంచి చివరిదాకా పూర్తి చెయ్యి. అప్పుడు ఉత్సాహాన్ని వెతుక్కుంటూ తిరగక్కర్లేదు, పనిలోంచే పుడుతుంది. ఎందుకంటావా? కూర్చో, చెప్తాను.

నెత్తిన బిందె, చంకన బిడ్డ

నువ్వు మొదలుపెట్టిన రోజున మనసులో ఏ ఆట ఉంది? నిజం చెప్పు. పెద్ద మైదానం, అందులో గుర్రాలు, కోటలు, ఆన్‌లైన్‌లో స్నేహితులంతా కలిసి చేసే యుద్ధం. అవునా? అలాంటి ఆట చెయ్యాలన్న కోరిక మంచిదే, దాచిపెట్టుకో. కానీ అలాంటివి వందలమంది కూర్చుని ఏళ్ళ తరబడి చేస్తారు. బొమ్మలు గీసేవాళ్ళు వేరు, సంగీతం కట్టేవాళ్ళు వేరు, కోడ్ రాసేవాళ్ళు వేరు, రోజంతా ఆడి తప్పులు పట్టేవాళ్ళు వేరు. ఇంతమంది పనిని నువ్వొక్కదానివి, అదీ ఇప్పుడిప్పుడే అక్షరాలు దిద్దుకుంటూ, మీదేసుకున్నావు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. కొత్త ఆటను ఊహించడం ఒక విద్య. కంప్యూటర్‌కి అర్థమయ్యేలా రాయడం మరో విద్య. ఈ రెండూ ఒకేసారి నేర్చుకోబోవడమంటే నెత్తిన నీళ్ళ బిందె, చంకన బిడ్డతో కాలవ దాటడం. ఎక్కడ తడబడ్డా దేనివల్ల తడబడ్డావో తెలీదు. తెర మీద బొమ్మ వింతగా కదిలిందనుకో, కోడ్ తప్పా, ఆట ఆలోచనే తప్పా? తేల్చుకోలేవు. ఆ తేలకపోవడమే మనిషిని అలసిపోయేలా చేస్తుంది. అలసటని చూసి మనం "నాకు తెలివి లేదు" అని పేరు పెట్టుకుంటాం.

తెలిసిన ఆట తీసుకుంటే ఒక బరువు దిగిపోతుంది. ఏం జరగాలో నీకు ముందే తెలుసు. జరగకపోతే తప్పు కోడ్‌లోనే ఉందని తెలుసు. అప్పుడు వెతకడానికి ధైర్యం వస్తుంది.

పెద్దవాళ్ళూ తెలిసిన ఆటతోనే మొదలెట్టారు

"అదేంటక్కా, పాత ఆటనే మళ్ళీ చేస్తే గొప్పేముంది?" అంటావేమో. ఈ రంగం మొదలైందే అలా తల్లీ.

1972లో అమెరికాలో అటారీ అప్పుడే పెట్టిన చిన్న కంపెనీ. అలన్ ఆల్కార్న్ అనే కుర్ర ఇంజనీరు కొత్తగా చేరాడు. కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడైన నోలన్ బుష్నెల్ అతనికి చెయ్యి తిరగడానికని ఒక పని ఇచ్చాడు: తెర మీద టేబుల్ టెన్నిస్. రెండు గీతలు, ఒక చుక్క, పైన స్కోరు. అప్పటికది ప్రోగ్రాం కూడా కాదు, సర్క్యూట్లు కలిపి కట్టిన యంత్రం. అందరికీ తెలిసిన ఆటే కాబట్టి ఆల్కార్న్ మనసంతా ఒక్క దాని మీదే పెట్టగలిగాడు: బంతి బ్యాటుకి ఎక్కడ తగిలితే ఎటు మళ్ళాలి? బ్యాటును ముక్కలుగా విడగొట్టి, తగిలిన ముక్కను బట్టి కోణం మారేలా చేశాడు. ఆట ముందుకు సాగేకొద్దీ బంతి వేగం పెంచాడు. దానికి పాంగ్ అని పేరు పెట్టి, కాలిఫోర్నియాలో సన్నీవేల్ అనే ఊళ్ళో ఒక బారులో పెట్టి చూశారు. కొన్నాళ్ళకి యంత్రం ఆగిపోయిందని కబురొచ్చింది. తెరిచి చూస్తే చిల్లర డబ్బా నిండి పొంగిపోయి ఉంది. చెయ్యి తిరగడానికిచ్చిన పని కథ ఇది.

ఇంకోటి విను. 1984లో మాస్కోలో, సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో అలెక్సీ పాజిట్నోవ్ పనిచేసేవాడు. ఆయనకు చిన్న చిన్న గళ్ళ ముక్కల్ని ఒక పెట్టెలో పొందిగ్గా అమర్చే పజిల్ ఇష్టం. అందులో ముక్కకు అయిదు గళ్ళు, మొత్తం 12 ఆకారాలు. దాన్ని కంప్యూటర్‌లోకి తెద్దామనుకున్నాడు. 12 ఆకారాలు ఎక్కువనిపించాయి. ముక్కకు నాలుగు గళ్ళు చాలనుకున్నాడు, ఆకారాలు 7కి తగ్గాయి. అదే టెట్రిస్. ఆయన దగ్గరున్న ఎలెక్ట్రోనికా 60 యంత్రంలో బొమ్మలు గీసే వీలే లేదు. అయితే ఏం? బ్రాకెట్లను పక్కపక్కన పేర్చి గళ్ళు చూపించాడు. తరవాత దాన్ని ఐబీఎం పీసీ మీదికి రంగులతో తెచ్చినవాళ్ళలో వాదిమ్ గెరాసిమోవ్ ఒకడు. అప్పటికి అతనికి పదహారేళ్ళు, బడిపిల్లాడు.

చూశావా, ముందే ఉన్న ఆట తీసుకున్నాడు, దాన్ని ఇంకా చిన్నది చేశాడు, ఉన్న యంత్రంతోనే మొదలెట్టాడు. నువ్వు చెయ్యాల్సినవీ ఈ మూడే.

స్టార్‌డ్యూ వ్యాలీ పేరు విన్నావు కదా, పొలం దున్నుకుని ఊరివాళ్ళతో స్నేహం చేసే ఆట. దాన్ని చేసిన ఎరిక్ బారోన్ 2011లో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ పుచ్చుకుని, ఉద్యోగం దొరక్క, ప్రోగ్రామింగ్‌లో చెయ్యి పదును పెట్టుకుందామని చిన్నప్పుడు ఆడిన హార్వెస్ట్ మూన్ లాంటి ఆట ఒకటి మొదలుపెట్టాడు. ఖర్చులకి సియాటిల్‌లో ఒక థియేటర్లో జనానికి సీట్లు చూపించే పని చేస్తూ బొమ్మలు, పాటలు, మాటలు, కోడ్ అన్నీ ఒక్కడే చేసుకున్నాడు. 2016 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. నాలుగేళ్ళకు పైగా పట్టింది. మనం ఆడుతున్నప్పుడు ఆ నాలుగేళ్ళు కనపడవు. మన రెండు వారాల పనిని ఆయన పూర్తయిన పని పక్కన పెట్టుకుని బాధపడతాం. అలా పెట్టుకోకు.

ఇప్పుడు గుంటలు తవ్వుదాం

వామనగుంటలు నీకు తెలుసు. చేప ఆకారంలో చెక్కపీట, రెండు వరసలు, వరసకు ఏడు గుంటలు. చింతగింజలో గవ్వలో కావాలి. గుంటకు నాలుగేసి పోద్దాం. మొత్తం ఎన్ని? 14 గుంటలు, 56 గింజలు. ఒక గుంటలోవి ఎత్తి పక్క గుంటల్లో ఒక్కొక్కటీ వేసుకుంటూ పోతాం. చేతిలోవి అయిపోతే ఆ పక్క గుంటలోవి ఎత్తి మళ్ళీ పంచుతాం. ఆ పక్క గుంట ఖాళీగా ఉంటే, దాని తరవాతి గుంటలోవి మనవి. అంతటితో ఎదుటివాళ్ళ వంతు. ఊరికో తీరు ఉంది, ఇంటికో పద్ధతి ఉంది. ఇప్పటికి ఇది చాలు.

ఈ ఆట నేర్చుకునేవాళ్ళకి ఎందుకు మంచిదో తెలుసా? ఇందులో బంతి ఎగరదు, బొమ్మ దూకదు, సెకనులో స్పందించాల్సిన పని లేదు. ఉన్నదంతా అంకెలు, వంతులు. కంప్యూటర్‌కి బాగా వచ్చినవి ఆ రెండే.

పైథాన్ తెరువు. అది ఉచితంగా దొరికే ప్రోగ్రామింగ్ భాష. లాప్‌టాప్ లేకపోతే ఫోన్‌లోనే పైథాన్ రాసుకునే యాప్‌లు ఉన్నాయి, ఈ ఆటకు అవి సరిపోతాయి. మొదటి వరస ఇలా రాయి:

గుంటలు = [4] * 14

ఆశ్చర్యపోకు, పైథాన్ 3లో మనం పెట్టుకునే పేర్లు తెలుగు లిపిలోనే ఉండొచ్చు. ఈ ఒక్క వరసతో పీట తయారయింది, గింజలు పోయడమూ అయింది. దాన్ని తెర మీద అచ్చు వేయించు. 14 నాలుగులు వరసగా కనపడతాయి. ఆ రోజుకి అక్కడే ఆగినా పరవాలేదు. ఇవాళ నువ్వు కంప్యూటర్‌లో వామనగుంటల పీట వేశావు, అది చిన్న పనేం కాదు.

రెండో మెట్టు, ఒక గుంటలోవి తీసి పంచడం. కంప్యూటర్ లెక్క సున్నాతో మొదలవుతుంది కాబట్టి గుంటల నంబర్లు 0 నుంచి 13 దాకా. 0వ గుంటను ఖాళీ చేసి 1, 2, 3, 4లో ఒక్కో గింజ వెయ్యి. ఇలా ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయించడమే లూప్. మూడో మెట్టు, చేతిలోవి అయిపోగానే పక్క గుంటలోవి ఎత్తడం. అంటే 5లోవి ఎత్తి 6, 7, 8, 9లో వెయ్యాలి. తరవాత 10లోవి ఎత్తి 11, 12, 13లో వేశాక...

ఇక్కడ ఆగిపోతుంది. తెర మీద ఎర్రర్ వస్తుంది: ఇండెక్స్ ఎర్రర్, లిస్ట్ ఇండెక్స్ అవుట్ ఆఫ్ రేంజ్. చేతిలో ఇంకో గింజ మిగిలింది, కంప్యూటర్ దాన్ని 14వ గుంటలో వెయ్యబోయింది, అలాంటి గుంట లేదు. నీకు తెలుసు, అక్కడినుంచి మళ్ళీ మొదటి గుంటకి తిరగాలని. పీట ముందు కూర్చున్నప్పుడు నీ చెయ్యి దానంతటదే తిరుగుతుంది. కంప్యూటర్‌కి మాత్రం నువ్వు చెప్పాలి. ఎలా? నంబరును 14తో భాగించి శేషం తీసుకోమను. 14ని 14తో భాగిస్తే శేషం 0. గింజ సరిగ్గా 0వ గుంటలో పడుతుంది. చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్న శేషమే! నీకు వచ్చిన లెక్కే ఇక్కడ పీటను గుండ్రంగా తిప్పుతోంది.

కొత్త ఆట కల్పించుకుని ఉంటే ఈ ఎర్రర్ దగ్గరే నువ్వు లాప్‌టాప్ మూసేసేదానివి. తెలిసిన ఆట కాబట్టి "ఓహో, ఇక్కడ తిరగాలి కదా" అనుకున్నావు. తేడా అదే.

56 నీ చేతిలో దీపం

నాలుగో మెట్టు, ఖాళీ గుంట తగిలితే దాని పక్కవి గెలుచుకోవడం. ఇది రాశాక ఒక ఎత్తు ఆడించి చూడు. నేను చెప్పిన పద్ధతిలో గుంటకు నాలుగేసి పోసి ఏ గుంటతో మొదలుపెట్టినా, ఏడు పిడికిళ్ళు పంచాక ఖాళీ గుంట తగులుతుంది, 6 గింజలు గెలుస్తావు, పీట మీద 50 మిగులుతాయి. నమ్మకం లేకపోతే నిజం గింజలతో నేల మీద ఆడి చూసుకో. కాయితం మీద వేసుకున్నా సరే. నీ ప్రోగ్రాం కూడా 6 అని చెప్పిందా? సరిగ్గా రాసినట్టే. 5 అందా, 11 అందా? ఎక్కడో గింజ తప్పిపోయింది.

ఎక్కడ తప్పిందో పట్టుకోవడానికి ఒక చిట్కా చెప్తాను, జీవితమంతా పనికొస్తుంది. ఆటలో ఏం జరిగినా మారనిది ఒకటి ఉంటుంది. ఇక్కడ అది 56. గుంటల్లో ఉన్నవీ, చేతిలో ఉన్నవీ, ఇద్దరూ గెలుచుకున్నవీ ఎప్పుడు కూడినా 56 రావాలి. ప్రతి గింజ వేశాక ఆ కూడిక చేసి, 56 రాకపోతే అక్కడే ఆపెయ్యమని కోడ్‌లో ఒక వరస రాసిపెట్టు. గింజ పోయిన చోటే ప్రోగ్రాం ఆగి నిన్ను పిలుస్తుంది. అనుభవమున్న ప్రోగ్రామర్లు కూడా ఇదే చేస్తారు.

ఎర్రర్‌ను చూసి భయపడే చెల్లెళ్ళకి ఇంకో మాట. తెర నిండా ఎర్రగా ఏదో వస్తే అదంతా చదవక్కర్లేదు. పైథాన్‌లో అయితే అన్నిటికన్నా కింది వరస చదువు. ఏం తప్పో అక్కడుంటుంది. దాని పైన ఎన్నో వరసలో తప్పో నంబరు ఉంటుంది. మొదట్లో వచ్చేవి ఎక్కువగా ఒక కోలన్ మర్చిపోవడం, వరస ముందు ఖాళీ జాగా తేడా రావడం, పేరులో ఒక అక్షరం మారడం. ఇవి నీ తెలివికి పరీక్షలు కావు తల్లీ. ఎన్నో ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నవాళ్ళకీ రోజూ వస్తాయి. వాళ్ళు చదివి, సరిచేసి, ముందుకెళ్తారు. నువ్వూ అంతే.

చూడ్డం వేరు, చెయ్యడం వేరు

"నేను చాలా వీడియోలు చూశానక్కా, చూస్తున్నంతసేపు అంతా అర్థమవుతుంది. తెరిచి కూర్చుంటే ఒక్క వరసా రాదు." ఇది నేను ఎక్కువగా వినే బాధ. వీడియోలో చెప్పేవాళ్ళు ఏది ముందు రాయాలో, ఏది తరవాతో అప్పటికే నిర్ణయించేసుకుని ఉంటారు. మనం వేళ్ళతో టైపు చేస్తాం, నిర్ణయం మాత్రం వాళ్ళదే. ఆ నిర్ణయించడమే అసలు విద్య. అందుకని చూడు, కానీ ఒక చిన్న ముక్క చూశాక ఆపి, మూసేసి, అదే ముక్క నీ అంతట నువ్వు రాయి. రాకపోతే మళ్ళీ చూడు. వచ్చాక ఒక్కటి మార్చు. నాలుగు గింజలకి బదులు అయిదు పెట్టు, మొత్తం 70 అవుతుంది, మొదటి ఎత్తులో ఎన్నొచ్చాయో చూడు. ఆ ఒక్క మార్పుతో ఆ కోడ్ నీదవుతుంది.

ఇప్పుడు అడిగితే మొత్తం కోడ్ రాసిచ్చే ఏఐ సాధనాలూ వచ్చాయి. వాటిని వాడొద్దని నేననను. "నాకు ఆట రాసిపెట్టు" అని మాత్రం అడగొద్దు, "ఈ ఎర్రర్ ఎందుకొచ్చిందో చెప్పు" అని అడుగు. మొత్తం అవే రాసిస్తే ఆట ఉంటుంది, నేను చేశానన్న సంతోషం ఉండదు. ఆ సంతోషమే కదమ్మా రేపు నిన్ను మళ్ళీ కూర్చోబెట్టేది.

బొమ్మలు తరవాత, ఆడేవాళ్ళు ముందు

అంకెలతో ఆట పూర్తయిందా? ఇద్దరి వంతులు, గెలుపు ఓటమి అన్నీ వచ్చాయా? అప్పుడే బొమ్మల జోలికి వెళ్ళు. పైథాన్‌లోనే ఉండాలనుకుంటే పైగేమ్ ఉంది. లేదా గోడో అనే గేమ్ ఇంజన్ ఉంది. అర్జెంటీనాలో పుట్టిన ఈ ఇంజన్‌ను 2014లో అందరికీ ఉచితంగా, లోపలి కోడ్‌తో సహా తెరిచి ఇచ్చారు. మీ ఇంట్లో బడికెళ్ళే పిల్లలుంటే వాళ్ళతో స్క్రాచ్ మొదలెట్టించు. అమెరికాలో ఎంఐటీవాళ్ళు 2007లో పిల్లల కోసం తెచ్చారు, రంగు దిమ్మెలు పేర్చినట్టు ప్రోగ్రాం పేర్చుకోవచ్చు. ఏది మంచిదని నెలలపాటు పోల్చి చూస్తూ కూర్చోకు. ఏదో ఒకటి పట్టుకుని ఒక ఆట ముగించు.

బొమ్మల్లోకి వెళ్ళాక ఒక కొత్త సంగతి నేర్చుకుంటావు. తెర మీద కనిపించేదాన్ని ఆట సెకనుకి ఎన్నోసార్లు, తరచు 60 సార్లు, మళ్ళీ మళ్ళీ గీస్తుంటుంది. ప్రతిసారీ మూడు పనులు: ఆడేవాళ్ళు ఏం నొక్కారో చూడ్డం, దాన్ని బట్టి లెక్కలు మార్చడం, కొత్తగా గీయడం. చిన్నదైనా పెద్దదైనా దాదాపు ప్రతి ఆట గుండెలోనూ ఈ చక్రమే తిరుగుతుంటుంది. మన గుంటల కోడ్ రెండో పనిలో అలాగే ఇమిడిపోతుంది. అంటే మొదట అంకెలతో చేసిన పని ఒక్క వరస కూడా వృథా పోదు.

ఇక ముఖ్యమైనది. పూర్తయ్యేదాకా దాచకు. వంతులు పని చెయ్యగానే ఇంట్లో ఎవరితోనైనా ఆడించు. అమ్మ చేతికివ్వు. నువ్వు పక్కన కూర్చో, నోరు మెదపకు. ఎక్కడ నొక్కాలో చెప్పకు. అమ్మ ఎక్కడ వెతుక్కుంటోందో, ఎప్పుడు "ఇదేంటే, నా వంతు కదా" అంటోందో చూడు. కాయితం మీద రాసుకో. ఆ కాయితంలో ఉన్నవే రేపటి పనులు. ఒక మనిషి నువ్వు చేసిన ఆటలో మునిగిపోయి, "ఇంకొక్కసారి" అంటే, ఆ రాత్రి నిన్ను కంప్యూటర్ దగ్గరనుంచి లేపడమే కష్టం.

మన పని కాదని ఎవరన్నారు?

"ఇది మగపిల్లల చదువు" అని నీతో ఎవరైనా అన్నారా? అంటే ఈ పేరు చెప్పు: కేరల్ షా. బర్క్‌లీలో కంప్యూటర్ సైన్స్ చదివి 1978లో అటారీలో చేరింది. తరవాత యాక్టివిజన్ అనే కంపెనీకి వెళ్ళి 1982లో రివర్ రైడ్ చేసింది. నది మీదుగా విమానం ఎగిరే ఆట. ఆ ఆట కార్ట్రిడ్జ్‌లో ఆమెకు దొరికిన చోటు మొత్తం 4 కిలోబైట్లు. ఇప్పుడు మనం వాట్సాప్‌లో పంపుకునే ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అంత చోట్లో అంత పొడుగు నదిని ఎలా దాచింది? దాచలేదు. నది ఒడ్డులు ఎలా వంపు తిరగాలో ఒక లెక్క రాసింది, ఆట నడుస్తుండగా ఆ లెక్కే నదిని పుట్టించుకుంటూ పోతుంది. ఉన్న కొంచెంలో ఇల్లు నడిపే నేర్పు మన ఆడవాళ్ళకి కొత్త కాదు కదా. నీ లాప్‌టాప్ పాతదని, ర్యామ్ తక్కువని దిగులు పడే రోజున ఆ 4 కిలోబైట్లను గుర్తు చేసుకో.

ఇంటి పనుల మధ్య, పరీక్షల మధ్య రోజూ గంటలు దొరకవని నాకు తెలుసు. అందుకు రెండు అలవాట్లు చేసుకో. కంప్యూటర్ దగ్గరనుంచి లేచే ముందు, రేపు మొదట ఏం చెయ్యాలో ఒక్క వాక్యం రాసిపెట్టు. "ఖాళీ గుంట దగ్గర వంతు మారడం లేదు, అది చూడాలి" అంతే. మర్నాడు అరగంటే దొరికినా ఎక్కడ మొదలెట్టాలో వెతుక్కోవడంలో పోదు. రెండోది, పని చేస్తున్న ఆటను మార్చే ముందు ఒక నకలు తీసిపెట్టు. పాడైపోతుందన్న భయం లేకపోతే చెయ్యి ధైర్యంగా కదులుతుంది. పది రోజులు తెరవలేదనుకో, నిన్ను నువ్వు తిట్టుకోకు. ఆ రాసిపెట్టిన వాక్యం చదివి కూర్చో.

తరవాతి ఆటలు

వామనగుంటలు అయ్యాక అష్టాచెమ్మా పట్టుకో. నాలుగు గవ్వలు వెయ్యాలి. అన్నీ వెల్లకిలా పడితే చెమ్మా, అన్నీ బోర్లా పడితే అష్టా. ఇక్కడ కంప్యూటర్ చేత గవ్వలు వేయించడం నేర్చుకుంటావు, ర్యాండమ్ అంటారు దాన్ని. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే అష్టా వచ్చే అవకాశం పదహారింట ఒకటి. వెయ్యిసార్లు వేయించి లెక్క సరిపోతోందేమో చూడు, భలే సరదాగా ఉంటుంది. ఆ తరవాత పులి-మేక. గుళ్ళ మండపాల్లో రాతి మీద చెక్కి ఉంటుంది చూడు, ఒక తీరులో మూడు పులులు, పదిహేను మేకలు. అక్కడ ఏ చుక్కనుంచి ఏ చుక్కకి దారి ఉందో కంప్యూటర్‌కి చెప్పడం నేర్చుకుంటావు. ఒక్కో ఆట ఒక్కో పాఠం. ఈ మూడూ ముగించాక నీ సొంత ఊహతో ఆట మొదలెట్టు. అప్పటికి నీకు భాష వచ్చి ఉంటుంది, మోసే బరువు ఒక్కటే ఉంటుంది.

అప్పుడు గేమ్ జామ్‌కీ వెళ్ళు. కొద్ది రోజుల్లో చిన్న ఆట ఒకటి ముగించాలన్నదే అక్కడి పందెం. గ్లోబల్ గేమ్ జామ్ 2009నుంచి ఏటా జరుగుతోంది, దేశదేశాల్లో ఒకేసారి కూర్చుంటారు. సెలెస్ట్ అనే పేరున్న ఆట కూడా మొదట ఇద్దరు కలిసి నాలుగు రోజుల్లో చేసిన చిన్న ముక్కే, పెద్ద ఆటగా 2018లో వచ్చింది. మన దగ్గరా ఈ పని జరుగుతోంది. హైదరాబాద్‌లో ఓగ్రే హెడ్ అనే చిన్న స్టూడియో మన పురాణాల గాలి సోకిన అసుర అనే ఆటను 2017లో విడుదల చేసింది.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను చెల్లీ. ఖాళీ గుంట తగిలితే మీ ఇంట్లో ఏం చేస్తారు? పక్క గుంటలోవే తీసుకుంటారా, ఎదురు గుంటలోవి కూడానా? గింజలు తక్కువైనవాళ్ళు తరవాతి ఆట ఎలా మొదలెడతారు? ఇవి చాలా ఇళ్ళలో కాయితం మీద లేవు, అమ్మమ్మల చేతుల్లో ఉన్నాయి. మీ అమ్మమ్మనో, మేనత్తనో అడిగి ఆ పద్ధతే కోడ్‌లో రాయి. బజార్లో దొరికే ఏ ఆటలోనూ మీ ఇంటి పద్ధతి ఉండదు, నువ్వు రాస్తేనే ఉంటుంది. విసుగొచ్చిన రోజున "ఇదంతా ఎందుకు" అనిపిస్తే ఇంతకంటే మంచి జవాబు నాకు తెలీదు. ఈ ఆదివారం ఫోన్ చేసి ఆ నియమాలు రాసుకో, సాయంత్రానికి 14 నాలుగులు అచ్చు వేయించు. ఖాళీ గుంట దగ్గర మీ ఇంటి పద్ధతేమిటో నాకు ఉత్తరం రాయి, ఎదురుచూస్తుంటాను.

ప్రేమతో,
మీ అక్క